మెరుగు పెట్టిన కొక్కెం

పైడయ్య మాస్టారి నోట మెచ్చుకోలు మాట విన్నవాళ్ళు గాజువాకలో లేరు. ఇనప సామాను కొయ్యకుండా, విరవకుండా అందులో దాగిన పగుళ్ళు పట్టే పనిలో ఆయన్ని మించినవాడు లేడు. శిష్యుణ్ణి ముద్దు చెయ్యడం మాత్రం ఆయనకు చేతకాదు. మూడేళ్ళు ఓర్చుకున్న సన్యాసిరావు ఒకనాటి పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, ఒక్కసారైనా నా పని బాగుందని ఎందుకనరు?"

ఆయన వీధి చివర పడవల యార్డు నుంచి వచ్చిన క్రేను కొక్కెం చూపించి, పరీక్ష చేసి పంపెయ్యమని చెప్పి, బ్యాంకు పనిమీద వెళ్ళిపోయారు.

ఇవాళ శభాష్ అనిపించుకుని తీరాలని సన్యాసిరావు పంతం పట్టాడు. తుప్పు వదిలించడానికి వైరు బ్రష్షు చాలు. అతగాడు ఏకంగా గ్రైండరే పట్టి, ముఖం కనబడేదాకా కొక్కేన్ని తళతళలాడించాడు. ఎర్రరంగు పూసి, కాసేపాగి, శుభ్రంగా తుడిచి, పైన తెల్లపొడి కొట్టాడు. పగులంటూ ఉంటే అందులోకి దిగిన ఎరుపు పొడిమీదికి ఊరాలి. ఒక్క చుక్క ఊరలేదు. భేషుగ్గా ఉందని చీటీ రాసి పంపేశాడు.

మాస్టారు తిరిగొచ్చి, దేంతో శుభ్రం చేశావని ఒక్కటే అడిగారు. గ్రైండరనగానే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అరవై దాటిన మనిషి, చెప్పులైనా వేసుకోకుండా యార్డుకి పరుగెత్తారు. వెనకే శిష్యుడు. అప్పటికే పడవ ఇంజను గాల్లో వేలాడుతోంది. దాని కింద దూరి ఇద్దరు మనుషులు బోల్టులు విప్పుతున్నారు.

మాస్టారు కేకలు వెయ్యలేదు. ఇద్దర్నీ పేరుపెట్టి పిలిచి, టీ తాగుదురు రండన్నారు. వాళ్ళు ఇవతలికి వచ్చాకే ఇంజను దింపించారు.

పరీక్ష సామాను అక్కడికే తెప్పించి, కొక్కేనికి కాస్త యాసిడ్ పట్టించి, పైపొర పోయాక మళ్ళీ రంగు పూశారు. తెల్లపొడి మీద, సరిగ్గా వంపు దగ్గర, వేలెడు పొడుగున ఎర్రగీత తేలింది. టీ గ్లాసులు పట్టుకుని ఏదో నవ్వుకుంటున్న ఆ ఇద్దరి వంక చూడలేక, సన్యాసిరావు అక్కడే కూలబడ్డాడు.

మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"పగులు పొద్దున కూడా ఉంది సన్యాసీ. నువ్వు రుద్దిన రుద్దుడికి పై ఇనుము సాగి దాని నోరు మూసేసింది," అన్నారు. కొక్కెం మీది ఎర్రగీత చూపించి అడిగారు. "ఇప్పుడు చెప్పు, నీక్కూడా మెరుగు పెట్టమంటావా?"