సన్న వైర్ల నాంచారి

ఆ ఊళ్ళో ఏడాదికి ఎనిమిది నెలలు మంచు కురిసేది. ఎదురింటి గడప కనబడేది కాదు. వీధిలో మనుషులు ఒకరినొకరు దగ్గును బట్టి, చెప్పుల చప్పుడును బట్టి గుర్తుపట్టేవాళ్ళు. అందుకని ప్రతి ఇంటి నుంచి పక్కింటికి ఒక సన్న వైరు ఉండేది. ఒంట్లో బాగులేకపోయినా, పొయ్యిలోకి నిప్పు కావాల్సి వచ్చినా, ఊరికే భయమేసినా స్విచ్చి నొక్కితే చాలు, పక్కింట్లో గంట మోగేది.

ఆ వైర్లు వేసేది నాంచారి. దీపాలు వెలిగించే లావు వైర్ల పనివాళ్ళు వేరే ఉండేవారు. వాళ్ళు వస్తున్నారంటే జనం పక్కకి తప్పుకునేవారు. ఆ కరెంటు మనిషిని చంపుతుంది మరి. నాంచారి వైర్లలో పారేది చీమ నడిచినంత కరెంటు. నాలుక మీద పెట్టుకుంటే కాస్త పుల్లగా ఉండేది, అంతే. చంపలేనిదానికి ఎవరు దారిస్తారు?

ఇరవై రెండేళ్ళు అలా గడిచాయి. ఒక ఉదయం మంచులోంచి చాటింపు వినబడింది. ఇకమీదట లావైనా సన్నమైనా, లైసెన్సు లేనివాళ్ళు వైరు ముట్టుకోకూడదు. లైసెన్సు కావాలంటే తమ పనితనం ఎరిగిన మనిషి చేత సంతకం చేయించుకుని, ఉప్పుటేరు అవతలున్న కచేరీలో పరీక్షకు కూర్చోవాలి.

"ఒక్క సంతకమేనా!" అని నవ్వుకుంది నాంచారి. ఆ ఊళ్ళో ఆమె చెయ్యి పడని గోడ లేదు.

ముందు నూనె గానుగ ఇంటికి వెళ్ళింది. గానుగాయన అంతా విని తల గోక్కున్నాడు.

"మా గంట బ్రహ్మాండంగా మోగుతుందమ్మా. అయితే దాన్ని ఎవరో వేశారంటావా?"

"నేనే వేశాను బాబూ. పద్నాలుగేళ్ళయింది. మీ పెద్దమ్మాయి పురిటికొచ్చిన నెల."

ఆయన గోడనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "ఏమో తల్లీ, గోడతోపాటే ఉందనుకున్నాను. గుర్తులేనిది ఉన్నట్టు సంతకం ఎలా పెట్టను?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అద్దకం పనిచేసే ముసలమ్మ ఇంకా ఆశ్చర్యపోయింది. "గంటకి కూడా పనివాళ్ళుంటారా? ఇంకా నయం, వానకి కూడా ఉంటారంటావేమో!" అని, పాపం, కూర్చోమని పీట వేసింది. ఏడిళ్ళు తిరిగింది నాంచారి. ఏడిళ్ళలోనూ గంటలు మోగుతున్నాయి. మోగుతున్నదాన్ని ఎవరూ తలుచుకోవడం లేదు.

మలుపులో గవర్రాజు ఎదురయ్యాడు. అతనిదీ సన్న వైర్ల పనే. అతని చేతిలో కాగితం మీద సంతకాలు పెట్టడానికి ఇంక చోటు లేదు.

"నీకు కిటుకు తెలీదక్కా," అన్నాడు జాలిగా. "నేను వేసిన గంట నెలకి రెండుసార్లు ఆగిపోద్ది. రెండుసార్లూ వెళ్తాను. కుర్చీ వేస్తారు, మజ్జిగిస్తారు. మా పిల్లల పేర్లు కూడా తెలుసు వాళ్ళకి. నువ్వొక్క వైరు తెంపు. రేపెళ్ళి బాగుచెయ్యి. జన్మలో మరిచిపోరు."

ఆ మాట ఆమె చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. కాళ్ళు ముసలమ్మ ఇంటి వెనక్కి తీసుకుపోయాయి. గోడకున్న పెట్టె మూత తీసి, కటింగ్ ప్లయరు మధ్య వైరుని పెట్టింది. మంచు నీరు వైరు మీద బొట్టుబొట్టుగా జారుతోంది. గోడ అవతల ముసలమ్మ ఎవరితోనూ కాకుండా ఏదో మాట్లాడుకుంటోంది. పొయ్యి మీద పాలు పొంగేంత సేపు అలాగే నిలబడింది నాంచారి. చెయ్యి బిగుసుకోలేదు. ఇరవై రెండేళ్ళు కలపడం నేర్చిన చెయ్యి, ఇప్పుడీ ఒక్క పని చెయ్యనంటోంది. ఆ చేతి మీద ఆమెకి చెప్పలేనంత కోపం వచ్చింది. మూత పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, రేవు వైపు నడిచింది.

రేవు పక్కన తాటాకు పాకలోంచి ఎవరో పిలిచారు. "నువ్వు నాంచారివి కదూ?"

పొద్దున్నించీ ఆమెని పేరు పెట్టి పిలిచిన మొదటి గొంతు అది. పాకలో కూర్చున్నది చిట్టబ్బాయి. ఒకప్పుడు మేడలో ఉన్న మనిషి. చేతుల మీద చర్మం ముడతలుపడి, గులాబి రంగుగా మెరుస్తోంది.

"మా మేడ కట్టించినప్పుడు నిన్ను పిలిపించాను," అన్నాడాయన. "లావు వైర్లున్న పైపులోనే నీ వైరూ తోసెయ్యమన్నాను. ఇంకో పైపుకి గోడ పగలగొట్టడం ఇష్టంలేక. నువ్వు ఒప్పుకోలేదు. సంచీ భుజానేసుకుని వెళ్ళిపోయావు. వెనకనించి నోటికొచ్చినట్టు తిట్టాను."

"తిట్టారండి."

"ఇంకొకణ్ణి పిలిచి తోయించాను. రెండో వానాకాలం ఆ పైపులో ఒరిపిడికి వైర్ల మీది తొడుగు పోయింది. లావు కరెంటు సన్న వైర్లోకి దిగింది. నిమిషంలో గోడలన్నీ అంటుకున్నాయి. పిల్లల్ని బయటికి లాగాను గానీ ఇల్లు దక్కలేదు." ఆయన కాసేపు మంచులోకి చూశాడు. "ఊళ్ళో ఎవరి మొహమైనా మర్చిపోతానేమో గానీ, నువ్వు మా గుమ్మం దిగి వెళ్ళడం మర్చిపోను. ఇలా ఇవ్వు కాగితం."

కాగితం మీద ఆయన ఇలా రాశాడు: "ఈమె మా ఇంట్లో పని చెయ్యలేదు." కింద సంతకం పెట్టాడు.

పడవ దాటి కచేరీకి చేరేసరికి మధ్యాహ్నమైంది. పరీక్ష పెట్టే అధికారి కాగితం చదివి కళ్ళజోడు తీశాడు.

"పని చేసినట్టు సాక్ష్యం తెమ్మంటే, చెయ్యనట్టు తెచ్చావేమిటమ్మా?"

"నన్ను గుర్తుపెట్టుకున్నది ఆయనొక్కడేనండి. ఎందుకు చెయ్యలేదో కూడా చెప్పమన్నారు." చెప్పింది.

అధికారి ఆ ఒక్క వాక్యాన్ని మళ్ళీ చదివి, "కూర్చో," అన్నాడు.

పరీక్ష మొదలైంది. సన్న వైరుకీ లావు వైరుకీ ఎంత ఎడం ఉండాలో అడిగాడు. చెప్పింది. రెండూ ఒకచోట ఎదురుపడక తప్పకపోతే ఏం చెయ్యాలో అడిగాడు.

"అడ్డంగా దాటించాలండి. పక్కపక్కన నడవనివ్వకూడదు."

ఆయన రాసుకున్నాడు. కిటికీ అవతల మంచు ఇంకా దట్టమైంది. గదిలో ఇద్దరే ఉన్నా, దూరంగా ఎవరో వింటున్నట్టుంది.

"ఆఖరి ప్రశ్న. ఒక గంట మోగడం లేదు. వెళ్ళి చూశావు. గంట బాగుంది. వైరు బాగుంది. స్విచ్చి కూడా బాగుంది. లోపం ఎక్కడుంది?"

నాంచారి ఆలోచించలేదు. "ఆ స్విచ్చి నొక్కాల్సిన మనిషిని చూడాలండి."

కలం ఆగింది.  అధికారి, పరీక్షతో సంబంధం లేనట్టు, మెల్లిగా అన్నాడు.

"మా అన్నయ్యదీ నాదీ పక్కపక్క ఇళ్ళు. ఈ కచేరీ వెనకే. మాకు మాటల్లేవు. అయినా రోజూ పొద్దున్నే ఒకసారి గంట కొడతాడు, ఉన్నానని. నిన్న కొట్టలేదు. ఇవాళా కొట్టలేదు. కోపం ఇంకా పెరిగిందనుకున్నాను."

నాంచారి అప్పటికే లేచి సంచీ అందుకుంది. "పదండి," అంది.

ఇద్దరూ మంచులో పరుగెత్తారు. తలుపు గడియ వేసి లేదు. పెద్దాయన మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు. కాలు వంకరపోయింది. చెయ్యి గోడ వైపు చాచి ఉంది. గోడ అడుగున సున్నం మీద గోళ్ళ గీతలున్నాయి. స్విచ్చి మాత్రం నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తున, శుభ్రంగా, ఎవరూ ముట్టుకోకుండా ఉంది.

తమ్ముడు ఆయన తలని ఒళ్ళోకి తీసుకున్నాడు. నాంచారి చెంచాతో నీళ్ళు పోసింది. రెండు గుక్కలయ్యాక పెద్దాయన కళ్ళు తెరిచాడు.

"నొక్కుతూనే ఉన్నాన్రా," అన్నాడు.

 తమ్ముడు అవునన్నట్టు తలూపుతూ ఉండిపోయాడు.

వీధిలో ఒకర్ని వైద్యుడి కోసం పంపించి, నాంచారి గోడ దగ్గర కూర్చుంది. సంచీలోంచి వైరు చుట్ట తీసింది. అంతలో ఏదో గుర్తొచ్చి ఆగిపోయింది.

"నాకింకా లైసెన్సు లేదండి."

అధికారి చుట్టూ చూశాడు. ముద్ర కచేరీలో ఉంది. అన్న తలని ఒళ్ళోంచి దించడం ఆయనకి ఇష్టంలేదు. చెయ్యి చాచి కిరసనాయిలు దీపం గాజు లోపలి మసిని బొటనవేలికి రాసుకున్నాడు. ఆమె కాగితం మీద, "పని చెయ్యలేదు" అన్న మాట పక్కన, గట్టిగా ఒత్తాడు.

ఆమె స్విచ్చిని కిందికి దించింది. పెద్దాయన పడుకునే చెయ్యి చాచి ఒకసారి నొక్కాడు. పక్కింట్లో, ఎవరూ లేని గదిలో, గంట మోగింది.

ఆ తరవాత నాంచారి ఊళ్ళో ఒక్కొక్క ఇంటికీ మళ్ళీ వెళ్ళింది. ఇప్పటికీ ఆ మంచు ఊళ్ళో స్విచ్చిలు నేలకి జానెడు ఎత్తులోనే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, పిల్లల కోసం పెట్టారేమో అనుకుంటారు. ఊరివాళ్ళు కాదనరు.