వరహాలయ్య మట్టి ముద్ద

ఇప్పలకోన అడవిలో కుందేళ్లు, తాబేళ్లు, ముంగిసలు, నెమళ్లు, అడవిపందులు కలిసిమెలిసి ఉండేవి. కొన్నేళ్లుగా వానలు సరిగ్గా పడక అడవిలో దుంపలూ కాయలూ కరువయ్యాయి. దాంతో అందరూ వాగు ఒడ్డున తలా ఒక మడి చేసుకుని వంకాయలు పండించుకోసాగారు.

నారు పోసేది మాత్రం వరహాలయ్య ఒక్కడే. ఆయన అడవిపంది. నేల తవ్వడంలో అంతటివాడు కోనలో ఇంకొకడు లేడు. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయనే రోజూ చెప్పుకునేవాడు.

తొలకరి పడగానే వరహాలయ్య అందరినీ పిలిచి తలా ఒక కట్ట నారు ఇచ్చేవాడు. కట్టతో పాటు తన మడిలోంచి ఒక మట్టి ముద్ద కూడా పెట్టేవాడు. "నా మట్టి తగిలితే మోడు కూడా చిగురిస్తుంది" అనేవాడు. ఆ ముద్దను వంగి అందుకుని, తీసుకెళ్లి మడిలో కలుపుకోవడం కోనలో మర్యాద అయిపోయింది.

ఆ మర్యాదను అందరికంటే భక్తిగా పాటించేది కుందేలు నూకాలు. ఆమెకు పాలు మరవని పిల్లలున్నారు. పోయిన ఏడు పంట సరిగ్గా రాక, మేత కోసం వాగు దాటి అవతలి ఒడ్డుకు వెళ్లింది. అక్కడ తోడేళ్లుంటాయి. ప్రాణాలతో తిరిగొచ్చింది గానీ కుడి చెవి సగం తెగిపోయింది. ఈ ఏడు కూడా కాయ దక్కకపోతే మళ్లీ వాగు దాటాల్సిందే. ఆ ఆలోచన వస్తేనే నూకాలు పిల్లలను దగ్గరికి లాక్కునేది.

నాటిన కొత్తలో మొక్కలు బాగానే లేచాయి. పూత మొదలయ్యేసరికి తేడా వచ్చింది. ఎండెక్కగానే ఆకులు వాలిపోయేవి, సాయంత్రానికి కొంచెం తేరుకునేవి. నెమ్మదిగా పసుపు తిరిగాయి. మొక్క ఎదగడమే మానేసింది.

"దాహం వేస్తోంది వాటికి. నీళ్లు పోయండి!" అన్నాడు వరహాలయ్య.

అందరూ పోశారు. దొప్పలతో నీళ్లు మోసి మోసి నూకాలు నడుము విరిగింది. నేల తడిగానే ఉంది, ఆకులు మాత్రం వాలుతూనే ఉన్నాయి. తడి నేలలో దాహమేమిటని ఆమెకు అనుమానం వచ్చింది. ప్రాణమున్న మొక్కను పీకడానికి మనసొప్పకపోయినా, కళ్లు మూసుకుని ఒకటి పీకింది. కళ్లు తెరిచి చూస్తే వేళ్లన్నీ అల్లం కొమ్ముల్లా ఉబ్బి, బుడిపెలు బుడిపెలుగా ఉన్నాయి.

ఆ మొక్కను నోట కరుచుకుని వరహాలయ్య దగ్గరికి పరుగెత్తింది.

"మామా, ఈ వేళ్లు చూడు. నాకు భయంగా ఉంది."

వరహాలయ్య పకపకా నవ్వాడు. "పిచ్చిదానా! వేరుశనగ మొక్కను పీకి ఎప్పుడైనా చూశావా? దాని వేళ్లకీ బుడిపెలుంటాయి. అవే మొక్కకు బలం. నా మట్టి మహిమ చూశారా, వంగకు కూడా వేరుశనగ బుడిపెలు వచ్చాయి!"

చుట్టూ ఉన్నవారంతా ఔరా అన్నారు. నూకాలు కూడా నమ్మింది. ఆ మాట నిజమైతే బాగుండునని ఆమెకు ఎంతో ఆశగా ఉంది మరి.

ఇంటిదారిలో తాబేలు సింహాచలం మడి ఉంది. ఆయన గట్టు మీద వేరుశనగ వేసుకున్నాడు. ఆ బుడిపెలు కళ్లారా చూద్దామని నూకాలు ఆయన్ని అడిగి ఒక మొక్క పీకి, రెండు వేళ్లనూ పక్కపక్కన పెట్టింది. వేరుశనగ బుడిపెను గోటితో గీకితే ఊడి వచ్చింది. వంగ బుడిపె ఊడలేదు. అది వేరుకు అతుక్కున్నది కాదు, వేరే అలా వాచిపోయింది.

ఆమె మడికి అవతల, బండ వెనుక, రాలిన పండులోంచి ఒక వంగ మొక్క దానంతట అదే మొలిచింది. వరహాలయ్య నారు కాదది, ఆయన మట్టీ తగల్లేదు. అది నిగనిగలాడుతోంది. నూకాలు దాని మొదలు దగ్గర మట్టిని మెల్లగా తొలగించి చూసింది. వేళ్లు తెల్లగా, నున్నగా ఉన్నాయి.

ఆమె పరుగున సింహాచలం దగ్గరికి తిరిగొచ్చి విషయం చెప్పింది.

"అవి నులిపురుగులమ్మా" అన్నాడు తాబేలు. "కంటికి ఆనవు. వేళ్లలో దూరి తింటాయి. వాటంతట అవి దూరం పోలేవు. కాళ్లకంటిన మట్టితో, నారుకంటిన మట్టితో పోతాయి."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు తాతా?"

"వరహాలయ్య మట్టిలో పురుగుందని ఎవరు చెబుతారే? నాకు వీపు మీద డిప్ప ఉంది గానీ లోపల ధైర్యం లేదు" అని తల లోపలికి లాక్కున్నాడు.

ఆ ఏడు కోనలో కాపు అంతంతమాత్రం. సిగ్గుపడ్డ సింహాచలం తన వేరుశనగలో సగం నూకాలు పిల్లలకు పెట్టాడు. వాటితోనే చలికాలం గడిచింది. నూకాలు మొక్కలన్నిటినీ వేళ్లతో సహా పీకి బండ మీద ఎండబెట్టింది. మండే ఎండల్లో మడిని గోళ్లతో తవ్వి, కింది మట్టిని పైకి తిరగేసింది. ఎండకు మాడితే పురుగు చస్తుందని ఆమె ఆశ.

తొలకరి వచ్చింది. వరహాలయ్య అందరినీ పిలిచాడు. తన వంతు రాగానే నూకాలు చెప్పింది. "మామా, నాకు నారు వద్దు, మట్టీ వద్దు. పురుగు ఆ మట్టిలోనే ఉంది."

వరహాలయ్య ముఖం మాడిపోయింది. "నా మట్టిలో పురుగా! ఎంత మాటన్నావే! ఇక నుంచి దీని గట్టు ఎవరూ తొక్కకండి!"

నిజానికి ఎవరూ తొక్కకపోవడమే ఆ మడికి మంచిది. కానీ ఆ మాటకు నూకాలు ఇంటికెళ్లి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడ్చి ఊరుకోలేదు. వంగ వేస్తే పురుగుకు మళ్లీ తిండి పెట్టినట్టే. అందుకని ఆ వానాకాలం మడిలో నువ్వులు, వాటి మధ్య బంతి వేసింది. బంతి వేళ్లంటే ఆ పురుగులకు పడదని సింహాచలం చెప్పాడు. నెమళ్లు గట్టు అవతల నిలబడి, "పూలు పెట్టుకుని ఏ పెళ్లికి పోతున్నావే నూకాలూ?" అని ఆటపట్టించాయి. పంట చేతికి రాగానే ఆమె నువ్వులు దాచుకుంది. వేపగింజలు నూరి మట్టిలో కలిపింది. బండ వెనుక మొక్క గింజలతో కొత్తచోట నారు పోసి, చలికాలానికి వంగ నాటింది. ఆ మొక్కలు ఎండెక్కినా తల వంచలేదు. కాయలు విరగకాశాయి.

మిగతా మడులు ఆ ఏడు పూర్తిగా దెబ్బతిన్నాయి. అన్నిటికంటే ముందు ఎండిపోయింది వరహాలయ్య మడి. ఆకలికి తాళలేక ఆయన వాగు దాటాడు. తోడేళ్ల బారిన పడి, కుంటుకుంటూ తిరిగొచ్చి, పొదలో ముఖం దాచుకుని పడుకున్నాడు.

నూకాలు వంకాయలు పట్టుకుని అక్కడికి వెళ్లింది.

"నన్ను చూసి నవ్వడానికొచ్చావా?" అన్నాడు వరహాలయ్య.

"లేదు మామా. నీ సాయం అడగడానికొచ్చాను. నా గోళ్లకు పై మట్టే తెగుతుంది. పురుగు ఇంకా కిందుంది. వచ్చే ఎండల్లో కోనంతా లోతుగా తిరగెయ్యాలంటే నీ మూతి కావాలి."

వరహాలయ్య మెల్లగా అడిగాడు. "నా మట్టి వల్ల ఎన్ని మడులు పాడయ్యాయే?"

నూకాలుకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "అన్నీ, మామా. కానీ నువ్వు ప్రేమతోనే ఇచ్చావు. అది కూడా అందరికీ తెలుసు."

అంతటి అడవిపంది కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాలు నయమయ్యాక, ఆ వేసవిలో ఆయన ప్రతి మడినీ లోతుగా తవ్వి ఎండకు ఆరబెట్టాడు. ఒక మడి పూర్తి చేసి ఇంకో మడిలోకి అడుగు పెట్టబోతే, దొప్పెడు నీళ్లతో నూకాలు గట్టు మీద సిద్ధంగా ఉండేది.

"మామా, మూతి!"

"ఇప్పుడే కదే కడిగాను!"

"అది ఆ మడికి. ఇది ఈ మడికి."

వరహాలయ్య గొణుక్కుంటూనే మూతీ కాళ్లూ పాత మడిలోనే కడుక్కుని, అప్పుడు గట్టు దాటేవాడు. వానాకాలం అందరూ బంతి, నువ్వులు వేశారు. చలికాలం నూకాలు పోసిన మంచి నారు తెచ్చి వంగ నాటారు. పురుగు పూర్తిగా పోలేదు. తగ్గింది, అంతే. ఆ తగ్గడమే చాలు. ఆ ఏడు ఇప్పలకోనలో ఎవరూ వాగు దాటలేదు.

నీతి: గొప్పలకు పోయి తప్పును పంచిపెట్టేవాడు తనవాళ్లనే ముంచుతాడు; తప్పు మూలాన్ని వెతికి దిద్దుకున్నవాడు తానూ బతుకుతాడు, పదిమందినీ బతికిస్తాడు.