ఎర్రబడ్డ ఏరు, మసి పూసిన ఆకు

అనగా అనగా వేలుపుకొండ అనే ఊళ్ళో, ఖర నామ సంవత్సరం శ్రావణ బహుళ పంచమి నాడు, రేవులో బట్టలుతికే నీలవ్వకు అన్యాయం జరిగింది.

ఆ ఉదయం ఊళ్ళో చినుకు లేదు. ఏటినీళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. ఎగువ కొండల్లో కుంభవృష్టి కురిసిందని నీలవ్వ పసిగట్టింది. చేతిలో ఉన్న పసుపు చీర ఊపుతూ, వీధివీధీ కేకేసుకుంటూ పరుగెత్తి, ఊరంతటినీ కొండెక్కించింది. మధ్యాహ్నానికి వరద వచ్చింది. ఒక్క ప్రాణమూ పోలేదు. మరి రాజుగారి తాటాకు చరిత్ర కట్టలో ఏమని రాశారు? "దళవాయిగారు తమ దూరదృష్టిచేత ప్రజలను కాపాడిరి" అని. దూరదృష్టి సేనాపతి మీసాల్లో ఉంటుందని రాసినవాడి నమ్మకం కాబోలు.

నలభై ఏళ్ళు నీలవ్వ నిజం చెబుతూనే ఉంది. ఊరు "గొప్పలమారి" అని నవ్వుతూనే ఉంది.

ఆమె మనవరాలు చెంగలువ. కోటలోని తాటాకు కట్టలకు చుట్టే గుడ్డలు ఏటా ఉతికేది వాళ్ళే. గుడ్డలు ఆరేదాకా కట్టల దగ్గర కాపలా కూర్చోవాలి. కూర్చున్నంతసేపూ చెంగలువ చదివేది. ఆమె బడి అదే.

ఒక ఏడు, చరిత్ర రాసే కొండప్ప పంతులు ముసలివాడయ్యాడు. ఆ కొలువుకు పరీక్ష పెడతామని దండోరా వేశారు. మూడు పెద్ద ప్రశ్నలు. గెలిచినవారికి కొలువు, దానితో పాటు ఒక హక్కు: మొదటి రోజున, రుజువు చూపి, పాత చరిత్రలో ఒక తప్పు దిద్దవచ్చు.

"అవ్వా, నేను కూర్చుంటాను" అంది చెంగలువ.

"కూర్చో. కానీ త్వరగా గెలువు. నేను పోయాక దిద్దితే నాకేం ఒరుగుతుందే? పిండం తినే కాకికి చదువు రాదు."

"పంతులుగారు ఏం అడుగుతారంటావు?"

"ఒంట్లో ఎక్కడ నొప్పైతే అక్కడి మందే కదా వెతుక్కుంటాం. ఈ ఏడు రాజుగారికి ఎక్కడ నొప్పో చూసుకో."

చెంగలువ చూసుకుంది. గాదెల్లో ధాన్యానికి పురుగు పట్టింది. పక్క రాజ్యంతో మాటలు చెడుతున్నాయి. ఏటిగట్టు బీటలిచ్చింది. సరే, పాత కరువు, పాత సంధి, పాత వరద. ఒక్కొక్కటీ ఎందుకు వచ్చింది, ఎవరు ఓర్చుకున్నారు, తరవాత ఏం మారింది, అన్నీ చదివింది. వరద కోసం వెతుకుతుంటే కోట వాకిటి పట్టీ ఒకటి దొరికింది. ఎవరు ఏనాడు లోపలికి వచ్చారో, ఏనాడు బయటికి పోయారో రాసే పట్టీ అది. చదివి, చెంగలువ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

పరీక్షకు ఇంకో ఇద్దరు వచ్చారు. సుబ్బావధాని కోటలో మిగతా కొలువులకు ఏటా పెట్టే పరీక్షల పాత ప్రశ్నలన్నీ లెక్కవేసి, "ఏటా యుద్ధాలే అడిగారు, ఈసారీ అవే" అని పద్దెనిమిది యుద్ధాలు బట్టీపట్టాడు. పెదవీర్రాజు తెలివి ఇంకో రకం. ఆకు మీద గంటంతో గీసిన రాత మసి పూసేదాకా కంటికి ఆనదు. అతను మూడు జవాబులు ఇంట్లోనే గీసి, మసి పూయకుండా, ఖాళీ ఆకుల్లా పట్టుకొచ్చాడు. అవీ యుద్ధాలే.

మొదటి గంట కొట్టారు. కరువు అడిగారు. సుబ్బావధాని "కరువు తీరిన పిమ్మట యుద్ధము వచ్చెను" అని రాసి, సుఖంగా యుద్ధంలో దిగిపోయాడు.

రెండో గంటకు సంధి అడిగారు. పెదవీర్రాజుకు వేరే ఆకులు లేవు. గీసినవాటి మీదే మళ్ళీ గీశాడు.

మూడో గంటకు వరద. చెంగలువ గంటం ఆగింది. ఆ దళవాయి వాక్యం రాసింది ఈ కొండప్ప పంతులే. పంతులు రాసిందే రాస్తే కొలువు దక్కుతుంది. కాదని రాస్తే కొలువూ పోవచ్చు, అవ్వ మాటా గాలికే పోవచ్చు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత నిజమే గీసింది, పట్టీ ఎక్కడుందో కూడా గీసింది.

అందరూ ఆకులకు మసి పూశారు. పెదవీర్రాజు ఆకుల మీద రెండేసి జవాబులు ఒకదాని మీద ఒకటి లేచాయి. గాదెలో ఏనుగులు పడ్డాయి, ఏట్లో గుర్రాలు మొలిచాయి.

"నాయనా, ఇది జవాబా, జాతరా?" అన్నాడు పంతులు.

చెంగలువ ఆకును ఆయన రెండుసార్లు చదివాడు. పట్టీ తెప్పించాడు. వరదకు మూడు రోజుల ముందు వేటకు పోయిన దళవాయి, వరద తీశాక రెండు రోజులకు తిరిగి వచ్చాడని అందులో ఉంది.

"ఆయన చెప్పాడు, నేను రాశాను" అన్నాడు పంతులు మెల్లగా. "అడగవలసినవాళ్ళను అడగలేదమ్మా."

"ఇప్పుడైనా అడగండి పంతులుగారూ. బతికే ఉంది."

పంతులు రేవుకు నడిచి వెళ్ళాడు. అడిగాడు. కొలువు చెంగలువకే దక్కింది. మొదటి రోజున ఆమె కొత్త ఆకు గీసి, మసి పూసి, అవ్వకు చదివి వినిపించింది.

"చీర పసుపుదని రాశావా?"

"రాశానవ్వా."

"అయితే సరే." నలభై ఏళ్ళుగా బిగబట్టిన ఊపిరి వదిలి, నీలవ్వ బండకు చేరగిలబడింది.

రాబోయే ప్రశ్నను ఊహించడం తెలివి, ఎవరు అడిగినా నిజమే చెప్పడం చదువు. ఆ ఆకు మీద ఈనాటికీ ఉంది: ఖర నామ సంవత్సరం, శ్రావణ బహుళ పంచమి, ఊరిని కాపాడినది నీలవ్వ.