నత్తల కుండ

పన్నెండు రోజులు నడిచి కొండమీది బౌద్ధారామానికి చేరినా, నాగిలుడు చేతిలోని కుండ దించలేదు. ఎండిపోతున్న గుంటలోంచి నత్తల్ని తీసి, చావకుండా మోసుకొస్తున్న భిక్షువని దారిలో ఊరూరా అతనికి చేతులు జోడించారు.

"భంతే, వీటిని మన దొనలో వదలనా?" అని గురువు చందసిరిని అడిగాడు.

రాతిలో నీళ్ళూరే ఆ దొన ఒక్కటే కొండమీది నలభైమంది దాహం తీర్చేది.

గురువు కాదనలేదు. వెడల్పాటి మట్టి తొట్టిలో దొన నీళ్ళు పోయించాడు. దొనలో పెరిగే మొక్కలు కొన్ని, అక్కడి సన్న నత్తలు పది వేయించాడు. కుండలోంచి ఆరు నత్తల్ని ఏరి అందులో వదిలాడు.

"రోజూ చూసి చెప్పు. నీకేమనిపించిందో వద్దు. ఏం కనిపించిందో చెప్పు."

"ఎన్నాళ్ళు, భంతే? మిగతావి కుండలో ఇరుగ్గా ఉన్నాయి పాపం."

"అయితే సగం నీ భిక్షాపాత్రలో పెట్టుకో."

మర్నాడు నాగిలుడు వచ్చి, "హాయిగా తిరుగుతున్నాయి" అన్నాడు.

"హాయి నీకెక్కడ కనిపించింది?"

నాగిలుడు నాలుక కరుచుకున్నాడు.

నాలుగో రోజుకి ఆకులకు చిల్లులు పడ్డాయని చెప్పాడు. తొమ్మిదో రోజు పరుగున వచ్చాడు.

"మొక్కలకి కాడలే మిగిలాయి, భంతే. తొట్టి అంచున గుత్తులు గుత్తులుగా గుడ్లు. మన దొన నత్తల్లో ఏడు కదలడం లేదు. నీళ్ళు కంపు కొడుతున్నాయి."

"గుంట దగ్గర వీటినేవి తినేవి?"

"కొంగలు" అంటూనే దొనవైపు చూశాడు. ఆ రాళ్ళమీద కొంగ వాలగా అతనెప్పుడూ చూడలేదు.

"ఇవి ఇంత చెడ్డవా, భంతే?" అన్నాడు.

"ఆకలేసింది, తిన్నాయి. అందులో చెడేముంది?"

నాగిలుడు తొట్టి ముందు కూర్చుని గుడ్లన్నీ గోటితో గీరాడు. అంచు చుట్టూ రెండుసార్లు వేలితో తడిమి చూసుకున్నాడు. గుడ్లనూ ఆరు నత్తల్నీ కుండలో వేసుకుని, వచ్చిన దారినే వెళ్ళడానికి లేచాడు.

"గుంట ఈపాటికి ఎండిపోయి ఉంటుంది. ఎక్కడ వదలను, భంతే?"

"ఆ దాపుల్లో ఇంకెక్కడా నీళ్ళు లేవా?"

"ఏరుంది."

"గుంటకీ ఏటికీ ఎంత దూరం?"

నాగిలుడు కుండలోకి చూశాడు.

"ఇరవై అడుగులు" అన్నాడు.