తోడు ముద్ద

రెండు వేల పద్దెనిమిది, మాఘమాసం. ప్రొద్దుటూరులో పెళ్లిళ్లు జోరుగా సాగుతున్న రోజులు. తెల్లవారితే చలి, మధ్యాహ్నమైతే చురుక్కుమనే ఎండ. నీలవేణికి చలీ తెలియడం లేదు, ఎండా తెలియడం లేదు. ఆమె ముందున్న పళ్లెంలో పసుపు, పచ్చ, ఎరుపు, గులాబీ, ఇంకా ఏవేవో రంగుల మట్టి ఉండలున్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఆమెకు ఏడుపొస్తోంది.

ఆమె ఖాదర్‌వలి దగ్గర పని నేర్చుకుంటోంది. ఆయన ఒకప్పుడు లక్క గాజులు చేసేవాడు. బొగ్గుల పొగ రొమ్ముకు పట్టి దగ్గు వదలకపోతే, భార్య మహబూబ్‌బీ నిప్పు మాన్పించి పాలిమర్ మట్టి పట్టించింది. మైనంలా మెత్తగా ఉండి, చిన్న ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే మట్టి అది. బంగారానికి పేరుపడ్డ ఊళ్లో మట్టి కమ్మలెవరు పెట్టుకుంటారని నవ్వినవాళ్లే తర్వాత వచ్చి కొనుక్కుపోయారు. మహబూబ్‌బీ పోయి చాలా ఏళ్లయింది.

ఆ పనింట్లో ఒక అలవాటుంది. సాయంత్రం చేతులు కడుక్కునే ముందు, ఎవరి దగ్గర మిగిలిన తుంపులు వాళ్లు సత్తు గిన్నెలో ఉన్న ముద్దకు కలిపి పిసికి పోతారు. అన్ని రంగులూ కలిసి కలిసి ఆ ముద్దకు ఏ రంగూ కాని రంగొచ్చింది. పాలకు తోడు వేసినట్టు, కొత్త రంగు చేసినప్పుడల్లా అందులోంచి చిటికెడు తీసి కలుపుతారు. ఎంత తీసినా అడుగున కొంత మిగల్చాలి. అది ఖాదర్‌వలి పెట్టిన కట్టుబాటు.

నీలవేణి ఆ గిన్నె జోలికి పోదు. తెల్లమట్టి ముట్టుకునే ముందు తడిగుడ్డతో వేళ్ల సందులు కూడా తుడుచుకుంటుంది. ఆమె చేసిన తెల్లకమ్మ మీద నలకంత మరక ఉండదు. శుభ్రమంటే ఆ పిల్లను చూసి నేర్చుకోండని ఖాదర్‌వలే మిగతావాళ్లతో అనేవాడు. ఆ మాట ఆమె తలకెక్కింది.

"ఆ బురద నా రంగుల్లో కలపను తాతా" అంది ఒకసారి.

"కలపొద్దులే పాపా" అన్నాడాయన. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడొచ్చింది ఖాదర్‌వలి పూర్తిగా ఆమె చేతికే వదిలేసిన మొదటి పని. నగల కొట్టు సుబ్బరత్నమ్మ తన కూతురి పెళ్లికి వచ్చే ఆడపిల్లలందరికీ కమ్మలు చేయమంది. పెళ్లికూతురి చీర నెమలికంఠం రంగు. ఆ చీర పక్కన ఎవరు నిలబడినా ఒకే ఇంటివాళ్లనిపించాలి, కానీ ఒకరి రంగు ఒకరికి ఉండకూడదు.

నీలవేణి మొదట డబ్బాలో ఉన్న రంగులు ఉన్నట్టే వాడి చేసింది. సుబ్బరత్నమ్మ చూసి మూతి తిప్పింది.

"ఇదేందమ్మే, తిరణాల్లో బుడగల అంగడి మాదిరుంది!"

రెండోసారి అన్నీ నీలంలోనే చేసింది.

"మా పిల్లోళ్లు ఏమన్నా బడికి పోతాండారా, యూనిఫారం ఏసుకోను? రేపు సాయంత్రానికి కుదిరితే సరి. లేకుంటే వేరే అంగట్లో రెడీమేడ్ తెచ్చుకుంటా."

అన్నతో నీలవేణి పందెం వేసుకుంది. ఈ పని నిలబడకపోతే సోమవారం నుంచి ఆయన చెప్పిన చీరల కొట్లో కూర్చుంటానంది. అన్న అప్పుడే కొట్టువాళ్లతో మాట్లాడి కూడా ఉంచాడు.

పక్కన కూర్చుని పనిచేసే షాహిదా పళ్లెంలోకి తొంగిచూసింది.

"ఏమే, నీ రంగులు ఒకదాని మీద ఒకటి అలిగినట్టుండాయే. తోడికోడళ్లా ఏంది?"

నీలవేణికి నవ్వు రాలేదు. పళ్లెం ఎత్తుకుని ఖాదర్‌వలి దగ్గరికి పోయింది.

"తాతా, విడివిడిగా చూస్తే ఒక్కోటీ బాగుంది. పక్కపక్కన పెడితే కొట్లాడుకుంటాండాయి. నేనేం తప్పు చేసినా?"

"తప్పేం ల్యా. పళ్లెం ఇట్ల పెట్టు."

ఆయన సత్తు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. పసుపు ఉండ తీసుకుని, ముద్దలోంచి కొంచెం తుంచి, రెండూ కలిపి పిసకడం మొదలుపెట్టాడు. నీలవేణి పిడికిళ్లు బిగించుకుంది. పసుపులో మురికి చారలు పడ్డాయి. చారలు సన్నబడ్డాయి. తర్వాత కనిపించకుండా పోయాయి. కళ్లలో పొడుచుకునే పసుపు ముగ్గిన మామిడిపండు రంగుకొచ్చింది.

పచ్చ తీసుకున్నాడు. అది నూరిన గోరింటాకయింది. రెండూ పక్కపక్కన పెట్టాడు.

నీలవేణి వాటినే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కింద కూర్చుని, ఎర్ర ఉండను తానే ఆయన చేతికి అందించింది.

పని పెద్దది, ఉండలు చాలా ఉన్నాయి. గిన్నెలో ముద్ద తరిగిపోయింది. చివరికి రాణిరంగు ఒకటే మిగిలింది. గిన్నె అడుగున రేగుపండంత మట్టి ఉంది.

"చాలు చాచా!" షాహిదా లేచి వచ్చింది. "తోడుకైనా ఉండనీ. ఆ ఒక్క రంగు అట్లే పోనీ."

"అట్లే పోతే అదొక్కటే పరాయిదైతాది" అన్నాడు ఖాదర్‌వలి. బొటనవేలితో గిన్నె అడుగు ఊడ్చి, ఉన్నదంతా రాణిరంగులో కలిపేశాడు.

షాహిదా పోయి తన పీట మీద మొహం అటు తిప్పుకుని కూర్చుంది. కమ్మలు ఓవెన్‌లోకి వెళ్లాక నీలవేణి ఆమె పక్కన చేరింది. పళ్లెంలో గోరంత మట్టి కూడా మిగల్లేదు.

"ఎందుకే అట్లయినావ్?"

"ఆ ముద్ద మొదులు పెట్టింది మహబూబ్‌బీ చాచీ. ఎంత తీసినా అడుగున ఆమె పిసికింది కొంచెమన్నా ఉంటాదని చాచా అనుకుంటాండె. అందుకే ఎవుర్నీ అయిపోగొట్టనిచ్చేవాడు కాదు."

మర్నాడు సుబ్బరత్నమ్మ చీర తీసుకుని పనింటికే వచ్చి, కమ్మలన్నీ నెమలికంఠం చీర మీద వరసగా పేర్చింది.

"ఇప్పుడు చూడు, ఒక తల్లి పిల్లల మాదిరుండాయి." మామిడిపండు రంగు జత తీసి తన చెవి దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "నాకూ ఒకటి చేసియ్యి. నీ పేరేంది పాపా? మళ్లా కబురు చేయాలంటే ఎట్ల?"

నీలవేణి పేరు చెప్పింది. చెబుతూ ఖాదర్‌వలి వైపు చూసింది. ఆయన ఓవెన్ పళ్లెం తుడుచుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

సోమవారం ఆమె అందరికంటే ముందు పనికొచ్చింది. ఆ రోజంతా తెల్లకమ్మలు చేసింది. సాయంత్రం మిగిలిన తెల్ల తుంపులన్నీ ఏరి, ఖాళీగా ఉన్న సత్తు గిన్నెలో వేసి పిసకసాగింది. షాహిదా వచ్చి తన నీలం తుంపులు అందులో పడేసింది. తెల్లమట్టిలో నీలం చార పడింది. నీలవేణి చేయి ఆగలేదు.

"ఇది చాల్నా తాతా?"

ఖాదర్‌వలి గిన్నెలోకి వంగి, ముద్దను వేలితో నొక్కి చూశాడు.

"ఇంకా చల్లగుంది. నీ చెయ్యి వేడి తగలనీ."

మహబూబ్‌బీ పిసికిన మట్టి ఆ పెళ్లికి వచ్చిన ఆడపిల్లల చెవులతో తలా ఒక ఊరికి వెళ్లిపోయింది.