ఏనుగుకీ ఒక్క గుక్కే

వాగు ఎండిపోయి రెండు నెలలు. ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే ఆ అడవికి దిక్కు. తవ్వింది ముళ్ళపంది బాలెమ్మ, ఆమెతోపాటు కుందేళ్ళు. రోజూ జారిపడే ఇసుక తీసేదీ వాళ్ళే. నీరు మెల్లగా ఊరుతుంది కాబట్టి ముందు చిన్నవాళ్ళు తాగాలి, ఆఖరున ఏనుగు తాగాలి అని కట్టుబాటు. పొద్దుటికి మళ్ళీ ఊరేది. అందరి ప్రాణాలూ నిలిచాయి.

కుందేళ్ళ వెనక నిలబడడం ఏనుగుకు నామోషీగా ఉండేది. అది నక్క కనిపెట్టి, తన గొంతు కూడా తడిసే దారి చూసుకుంది. మర్నాడే అందర్నీ వాగులో కూర్చోబెట్టింది.

"ఈ ముందూ వెనకా ఏమిటర్రా? మనలో ఎక్కువ తక్కువలున్నాయా? ఇకనుంచి రోజుకు తలా ఒక్క గుక్క. అందరికీ సమానం. సమానమన్నాక ముందెవరు తాగితే ఏం?"

బాలెమ్మ నమ్మలేకపోయింది. "ఏనుగు దొరకీ ఒక్క గుక్కేనా?"

"ఒక్కటే అక్కా. రెండోది తాగితే నన్నడుగు. నువ్వెంతో దొరగారూ అంతే."

బాలెమ్మ ఒళ్ళు పొంగిపోయింది. ఆమెను ఏనుగు సరసన నిలబెట్టినవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ లేరు మరి. ముసలి కుందేలు మెల్లగా ఆమె పక్కకు జరిగింది.

"బాలెమ్మా, ఆయన గుక్క ఎంతుంటుందో చూశావా? నీకు బొరియలో పసిగుడ్డు ఉంది. నీళ్ళు లేకపోతే పాలెక్కడివి?"

"అంత పెద్దాయన మన వరసలోకి దిగివస్తానంటుంటే గుక్కలు కొలుస్తావేంటి బావా? మర్యాద తెలియదా?" అని కసిరి, కొత్త కట్టుబాటుకు సరేనంటూ అందరికంటే ముందు బాలెమ్మే పంజా ఎత్తింది.

మర్నాడు ఏనుగు తొండం దించి ఒక్క గుక్క పీల్చింది. చెలమ అడుగున ఇసుక కనిపించింది. పోతూ పోతూ తొండంలోంచి కాసిని నీళ్ళు నక్క నోట్లో వదిలింది.

"మరి నా గుక్క?" అంది బాలెమ్మ.

"నీ గుక్క నీదే అక్కా. కాదన్నదెవరు? ఊరాక తాగు."

మర్నాడు పొద్దుటికి ఊరేసరికి మళ్ళీ ఏనుగు వచ్చింది. కట్టుబాటు ప్రకారం దాని గుక్క అది తాగింది. రెండో గుక్క ముట్టలేదు, తప్పు పట్టడానికేమీ లేదు. బాలెమ్మ తడి ఇసుక నాకి బొరియకు వెళ్ళేది. మూడో రోజుకు పాలు ఇగిరిపోయాయి. నాలుగో రోజు పొద్దున్న పిల్ల కదల్లేదు. ఎంత కడుపుకోత అది! పైగా ఆ కట్టుబాటుకు పంజా ఎత్తింది తనే.

ఆ తరవాత ఎవరూ ఇసుక తియ్యలేదు. తమకు దక్కని నీళ్ళకోసం ఎవరు తీస్తారు? కుందేళ్ళు సగం చచ్చాయి, మిగిలినవి ఒకదాన్నొకటి తిట్టుకుంటూ పొదల్లో చేరాయి. చెలమ పూడిపోయింది.

"తవ్వండి, తవ్వండి," అని ఏనుగు గొంతు చించుకుంది. పొదల్లోంచి ఎవరూ బయటికి రాలేదు. దానికి పెద్ద కాళ్ళున్నాయి, కొండ దాటి ఇంకో వాగు వెతుక్కుంది. నక్క దాని వెంటే పోయింది.

బాలెమ్మకు అంత దూరం నడిచే కాళ్ళు లేవు. పూడిన చెలమ పక్కనే కూలబడింది.

నీతి: ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే కొలత పెట్టి సమానమంటే, ఆ కొలత లేనివాడి ప్రాణం తీస్తుంది.