మూటలో చేరని పేరు

శిష్యులు ఏదడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు వేదాద్రి మాస్టారికి లేదు. కాకినాడలో ఒక మేడమీది గదిలో ఆయన ప్రోగ్రామింగ్ నేర్పేవారు. ఒకరోజు పుండరీకం అనే శిష్యుడు ఉండబట్టలేక అడిగేశాడు.

“మాస్టారూ, మన్యం ఆసుపత్రికి పసిపిల్లల టీకాల ప్రోగ్రాం నేనూ రాశాను, మందారా రాసింది. నాదే వేగంగా నడుస్తుంది. అయినా మీకు ఆమెదే నచ్చింది. ఎందుకండీ?”

“ఇద్దరూ ప్యాకేజీలు కట్టి తీసుకురండి. అక్కడే చూద్దాం,” అన్నారాయన.

కొండల మధ్య ఉన్న ఆ ఆసుపత్రిలో ఇంటర్నెట్ లేదు. తాము రాసిన స్క్రిప్టు ఫైళ్లతోపాటు వాటికి అవసరమయ్యే ఇతరుల ఫైళ్లను కూడా బిల్డ్ టూల్ అనే ప్రోగ్రాంతో ఒకే మూటగా కట్టి తీసుకెళ్లాలి. పుండరీకం ప్రోగ్రాంలో తేదీలు లెక్కగట్టే ఫైలు తోటి శిష్యురాలు మందార రాసినది. దాన్ని చేరిస్తే తెరమీద ఆమె పేరు కూడా పడుతుంది. ఆ పేరు వింటేనే అతనికి ఒళ్లు మండేది. ఫైలును మూటలోంచి తీసేశాడు. టూల్ హెచ్చరించినా పట్టించుకోలేదు. తన కంప్యూటర్‌లో నడిపి చూస్తే చక్కగా నడిచింది. ఆ ఫైలు పాత కాపీ అందులోనే ఉందన్న సంగతి అతనికి తట్టలేదు, తట్టనివ్వలేదు.

ఆసుపత్రి వరండాలో తల్లులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నర్సు సుభాషిణి ముందుగా పుండరీకం ప్రోగ్రాం తెరిచింది. తెరమీద ఒక్క వాక్యం వచ్చి ఆగిపోయింది: ‘తేదీల ఫైలు దొరకలేదు.’

“మా ఇంట్లో నడిచిందండీ,” అన్నాడు పుండరీకం.

“వీళ్లు చీకటి పడేలోగా కొండ ఎక్కాలి బాబూ,” అందామె.

మందార తన ప్యాకేజీ ఎక్కించింది. నెమ్మదిగానే అయినా అది నడిచింది. మొదటి బిడ్డకు తర్వాతి టీకా తేదీతో చీటీ వచ్చింది. తెర అడుగున ‘చీటీ ముద్రణ: పుండరీకం’ అని ఉంది. ఎప్పుడో అతను క్లాసులో రాసి అందరికీ పంచిన చిన్న ఫైలు అది. మందార దాన్ని పేరుతో సహా కట్టి తెచ్చింది. అది చూశాక అతనికి ఓడినదానికంటే ఎక్కువ మండింది.

తిరుగు ప్రయాణంలో జీపు వెనకసీట్లో మందార నిద్రపోయింది. పుండరీకం మాస్టారి వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

“అదృష్టవంతురాలు మాస్టారూ. అసూయంటే ఏమిటో తెలియదు.”

“ఎవరు చెప్పారు? నువ్వంటే ఆ అమ్మాయికి, నీకున్నదానికంటే ఎక్కువ కడుపుమంట,” అన్నారు వేదాద్రి మాస్టారు.